బాగుందన్న మాట

రఫూ పని చేసే ఆవిడ ఆ కళ్ళద్దాల దుకాణానికి రావడం అది మూడోసారి. మొదటిసారి కళ్ళు చూపించుకోడానికి వచ్చింది. రెండోసారి అద్దాలు తీసుకెళ్ళడానికి. ఈసారి అవే అద్దాలు తిరిగి ఇచ్చెయ్యడానికి. చేతిసంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీసి, లోపల ఏదో నిద్రపోతున్నట్టు, గాజుబల్ల మీద చప్పుడు కాకుండా పెట్టింది.

“ఇవి నాకు పనికి రావడం లేదు బాబూ,” అంది.

యజమాని పెట్టె తెరవను కూడా లేదు. కంప్యూటర్లో ఆవిడ చీటీ వెతికి పట్టుకుని, తెర ఆవిడ వైపుకి తిప్పాడు.

“చూడండమ్మా. పరీక్ష చేసినప్పుడు బాగుందన్నారు. తీసుకెళ్ళేటప్పుడు బాగుందన్నారు. ఇదిగో మీ సంతకం. అప్పుడు మీరే బాగుందని, ఇప్పుడు మీరే బాగాలేదంటే ఎలా?”

“అన్నాను బాబూ. అనలేదనడం లేదు.”

“మరి?”

ఆవిడ పెట్టె మూతమీద లేని దుమ్ముని బొటనవేలితో తుడుస్తూ నిలబడింది. చిరిగిన బట్టకి అతుకు కనపడకుండా దారంతో నేసే చెయ్యి అది. చూపుడువేలి కొస మీద సూది పోట్లు చిన్న చిన్న నల్లచుక్కల్లా ఉన్నాయి.

లోపల పరీక్ష గదిలోంచి డాక్టరమ్మ ఇదంతా విన్నది. ఆమె డాక్టరు కాదు. కళ్ళు పరీక్ష చేసి ఏ అద్దం పడుతుందో రాసే పని ఆమెది. తెల్లకోటు వేసుకున్న పాపానికి వచ్చినవాళ్ళందరూ డాక్టరమ్మా అంటారు. మొదట్లో కాదు కాదని చెప్పేది. ఇరవయ్యెనిమిదేళ్ళు వచ్చేసరికి చెప్పడం మానేసింది.

ఆవిడని పరీక్ష చేసిన శనివారం ఆమెకి బాగానే గుర్తుంది. బయట పదకొండుమంది కూర్చున్నారు. ఆవిడ కొడుకు స్కూటరు తాళంచెవి వేలికి తగిలించి తిప్పుతూ, పరీక్ష గది తెర దగ్గర నిలబడి, “బాగుందని చెప్పమ్మా, నాకు టైమవుతోంది,” అన్నాడు. డాక్టరమ్మ అద్దం బిగించి, అడగకూడని మాట అడిగింది. “బాగుందా?” ఆవిడ, “ఆఁ, బాగుందమ్మా,” అంది.

ఈ పని నేర్పిన మాస్టారు మొదటిరోజే చెప్పాడు, బాగుందా అని ఎప్పుడూ అడక్కండి అని. ఈ అద్దంలో తేటగా ఉందా, ఆ అద్దంలోనా అని అడగండి. బాగుందా అంటే ఎదుటివాళ్ళు మీ మొహం చూసి జవాబు చెప్తారు, తమ కన్ను చూసుకుని కాదు. ఏడేళ్ళ అనుభవం మీద డాక్టరమ్మకి ఇంకోటి కూడా తెలిసింది. నిజమైన ‘బాగుంది’ కాస్త ఆలస్యంగా వస్తుంది. అద్దం పెట్టాక కన్ను సర్దుకోవాలి, అక్షరం నిలబడాలి, అప్పుడొస్తుంది మాట. మొహమాటానికి అనే ‘బాగుంది’కి ఇవేవీ అక్కర్లేదు. అడగడం పూర్తి కాకముందే వచ్చేస్తుంది.

ఆ శనివారం అలాంటిదే వచ్చింది. తెలిసే రాసుకుంది.

ఆమె తెర పక్కకి జరిపి బయటికొచ్చింది. “సార్, పరీక్ష చేసింది నేను. పొరపాటు నాది. మళ్ళీ చూస్తాను.”

“ఆవిడే బాగుందని అంటే ఇందులో నీ పొరపాటేంటమ్మా?”

“అనడం అన్నారు సార్. నేనే సరిగ్గా వినలేదు.”

యజమాని ఆమెని ఎగాదిగా చూశాడు. దుకాణంలో ఇంకో ఇద్దరున్నారు కాబట్టి ఏమీ అనలేదు. తర్వాత అంటాడని ఆమెకి తెలుసు.

ఈసారి ఆమె తొందరపడలేదు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన పరీక్ష ఫ్రేము ముక్కుమీద సర్ది, చేతికి చిన్న గుడ్డముక్క ఇచ్చింది.

“మీరు పని చేసేటప్పుడు బట్ట ఎంత దూరంలో పట్టుకుంటారో అంత దూరంలో పట్టుకోండి.”

ఆవిడ గుడ్డని ముక్కుకి జానెడు దూరంలోకి తెచ్చుకుంది. డాక్టరమ్మ మనసు చివుక్కుమంది. పుస్తకం చదివే దూరానికి లెక్కకట్టి అద్దాలు రాసింది తను. ఈవిడ చదవదు, నేస్తుంది. ఆ రోజు అడగాల్సింది అదొక్కటే, అదే అడగలేదు.

“ఇందులో పోగులు విడివిడిగా ఉన్నాయా, ఇందులోనా?”

ఆవిడ చాలాసేపు చూసింది. “ముందుదాంట్లో,” అంది. ఇంకో అద్దం. ఇంకాసేపు. “ఇది ఇంకా నయం. ఇదీ నా కన్ను.”

చీటీ రాస్తూ డాక్టరమ్మ అడిగింది. “ఆ రోజే చెప్పి ఉండాల్సిందమ్మా. బాగాలేదంటే నేనేమీ అనుకునేదాన్ని కాదు.”

“వాడి తొందర ఒకటి. అయినా వాడి గురించి కాదులే,” అని ఆవిడ నవ్వింది. “బాగుందా అని అడిగినప్పుడు నీ మొహం చూశాను తల్లీ. పొద్దుట్నించీ నిలబడి పీక్కుపోయి ఉన్నావు. ఇంకా ఎంతమందో బయట. బాగుందంటే నీకు కాస్త హాయిగా ఉంటుంది కదా అనిపించింది. అందుకని అనేశాను. ఇంటికెళ్ళాక తల పగిలిపోయింది అనుకో.”

ఆ మాట డాక్టరమ్మ చేతిలో పెన్నుని ఆపేసింది. ఎందుకాగిందో ఆమెకి అప్పుడు తెలియలేదు.

దుకాణానికి ఆరు బస్‌స్టాపుల అవతల, ఒక మేడమీద రెండు గదుల్లో ఆమె ఇంకో అమ్మాయితో కలిసి ఉంటోంది. ఇద్దరూ కలిసి పది నెలలయింది. కింద ఉండే ఇంటావిడకి వరసకి అక్కాచెల్లెళ్ళమని చెప్పారు. “మీ ఇద్దరికీ పోలికలే లేవే,” అని ఆవిడ నెలకోసారైనా ఆశ్చర్యపోతుంది. పోలికలు నిజంగానే లేవు. డాక్టరమ్మ పొడుగ్గా, నెమ్మదిగా, గుమ్మం దాటేటప్పుడు కూడా ఆలోచించి దాటే మనిషి. రెండో అమ్మాయి లిఫ్టు మెకానిక్కు, పాతికేళ్ళది. కూర్చున్నచోట కూర్చోదని చిన్నప్పట్నించీ ఇంట్లోవాళ్ళు బొంగరం అని పిలిచేవారు. ఆ పేరే నిలిచిపోయింది. మేడలమీద మోటారు గదుల్లో, బావిలాంటి లిఫ్టు గోతుల్లో, తీగతాళ్ళూ బ్రేకులూ తలుపు చక్రాలూ చూసి వస్తుంది. వచ్చేసరికి మోచేతుల దాకా గ్రీజు.

ఆ రోజు సోమవారం. సాయంత్రం బొంగరం ముందే వచ్చి స్నానం చేసి, తడిజుట్టుతో మంచంమీద పడుకుని పై కప్పు చూస్తోంది. డాక్టరమ్మ సంచి పక్కన పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. జుట్టులోకి చెయ్యి పోనిచ్చింది. కిటికీ అవతల వీధిదీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఎప్పుడూ మొదలయ్యేది అలాగే. ఎప్పుడూ మొదలుపెట్టేది డాక్టరమ్మే.

బొంగరం కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ ఆ మొహాన్నే చూస్తూ ఉంది. ఆమెకది అలవాటు. కనుబొమ్మ ముడిపడిందా, పెదవి కదిలిందా, ఊపిరి మారిందా. చూసి చూసి, చివరికి ఎప్పటిలాగే మెల్లగా అడిగింది.

“బాగుందా?”

“బాగుంది.”

ఆమె ‘బాగుం...’ దగ్గర ఉండగానే జవాబు వచ్చేసింది.

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు బొంగరానిదే. ఆ మాట మాత్రం రఫూ ఆవిడది.

“ఏమైందే?” అని బొంగరం కళ్ళు తెరిచింది.

“ఏం లేదు. కాలు తిమ్మిరెక్కింది,” అని డాక్టరమ్మ లేచి వంటగదిలోకి వెళ్ళి, దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

ఆ మర్నాటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. పది నెలల ‘బాగుంది’లన్నీ వెనక్కి తిప్పి వినడం మొదలుపెట్టింది. ఏవి ఆలస్యంగా వచ్చాయి? ఏవి తొందరగా వచ్చాయి? కొన్ని గుర్తున్నాయి, చాలామటుకు లేవు. అప్పుడు వినలేదు కదా. వినాలనుకున్నది వినపడింది, సంతోషించి పడుకుంది.

చూస్తే అన్నీ అనుమానంగానే కనిపించాయి. ఈ మధ్య బొంగరం ఆదివారం డ్యూటీలు తనంతట తను అడిగి వేయించుకుంటోంది. నడుం పట్టేసిందని రెండుసార్లు ముందుగదిలో చాపమీద పడుకుంది. తను దగ్గరికి జరిగిన ప్రతిసారీ ముందు ఒక చిన్న ఊపిరి పీల్చి వదులుతుంది. బరువు ఎత్తబోయే ముందు మనిషి తీసుకునే ఊపిరి. ఇన్నాళ్ళూ దాన్ని తమకం అనుకుంది. 

ఎవరినైనా అడుగుదామంటే ఎవరున్నారు? దుకాణంలో అద్దాలు కోసి ఫ్రేములో బిగించే ఆయన మధ్యాహ్నం డబ్బా తెరుస్తూ, “రాత్రి మా ఆవిడ అలిగిందమ్మా, కూరలో ఉప్పు వెయ్యలేదు,” అని దుకాణమంతా వినపడేలా చెప్పుకుని నవ్వగలడు. అలక సంగతి, ఉప్పు సంగతి, మళ్ళీ ఎలా రాజీ అయిందో ఆ సంగతి కూడా. ఆమెకి నవ్వడానికే గానీ చెప్పడానికి వీల్లేదు. ఫోన్లో పెద్దక్కకి జ్వరం సంగతి చెప్పొచ్చు, అద్దె పెరిగిన సంగతి చెప్పొచ్చు. ఇది చెప్పాలంటే ముందు ఇంకేదో చెప్పాలి, దానికంటే ముందు ఇంకేదో. ఎక్కడని మొదలుపెడుతుంది?

సోమ, మంగళ, బుధవారాలు మూడు రాత్రులూ ఆమె మంచం అంచున పడుకుంది. చెయ్యి వెయ్యలేదు. మంచిదే చేస్తున్నాననుకుంది. బొంగరం మాత్రం అటూ ఇటూ దొర్లింది. బుధవారం పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలోంచి ఆమె మొహం రెండుసార్లు చూసి, ఏదో అనబోయి, నురగ ఉమ్మేసింది. సాయంత్రం వస్తూ, ఎప్పుడూ లేనిది, ఆమెకిష్టమైన ద్రాక్షపళ్ళు తెచ్చి గిన్నెలో కడిగి ముందుపెట్టింది. తప్పు చేసిన మనిషి తెచ్చినట్టు తెచ్చింది. తన మొహంలో ఏం చూసి తెచ్చిందోనని డాక్టరమ్మకి ఇంకో భయం పట్టుకుంది. రెండు పళ్ళు నోట్లో వేసుకుంది. రుచి తెలియలేదు.

గురువారం పొద్దున ఏడున్నరకి బొంగరం గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని డ్యూటీ బూట్లు వేసుకుంటోంది. ముందువైపు ఇనప రేకు ఉన్న బరువైన బూట్లు అవి. కంపెనీ వ్యాను ఇంకో పది నిమిషాల్లో వీధి చివరికి వస్తుంది.

“నామీద కోపమా?” అంది, తల ఎత్తకుండా.

“కాదు.”

“మూడ్రోజులై మంచం కొసన పడుకుంటున్నావు. కిందపడితే నడుం విరుగుతుంది.”

డాక్టరమ్మ గోడకి ఆనుకుంది. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. మూడు రోజులుగా వందసార్లు కూర్చుకున్న వాక్యం. బయటికొచ్చేసరికి సగం జారిపోయింది.

“నేను నీ దగ్గరికొచ్చినప్పుడు... నీకు ఇష్టం లేనిదేదైనా ఉందా? బాగుందా అని అడగట్లేదు. ఇష్టం లేనిది. అదొక్కటే చెప్పు.”

బొంగరం వేళ్ళు బూటు తాడు మీద ఆగాయి. మళ్ళీ కదిలాయి. మొదటి కన్నంలోంచి తాడు లాగింది, రెండో కన్నంలోకి తోసింది.

“చెప్తే రెండు రోజులు మాట్లాడవు.”

“ఎవరు, నేనా?”

“వానలు మొదలైన కొత్తలో. ఆ పదిహేనంతస్తుల బిల్డింగులో తాళ్ళు మార్చొచ్చిన రోజు. ఇవాళ వద్దే, ఒళ్ళు పచ్చిపుండులా ఉంది అన్నాను. నువ్వు ‘సరే’ అని గోడవైపు తిరిగావు. పొద్దున నీ ఒక్కదానికే కాఫీ కలుపుకున్నావు. సాయంత్రం తలనొప్పన్నావు. మర్నాడూ తలనొప్పే. మూడోనాడు నేనే నీ పక్కకి వచ్చాను. అప్పుడు తగ్గింది నీ తలనొప్పి.”

డాక్టరమ్మకి ఆ వానలు గుర్తున్నాయి. తలనొప్పి గుర్తుంది. ఆ రెండు రోజులూ బొంగరం తనని వదిలి వెళ్ళిపోతుందని భయపడి మాట పెగలకపోవడం కూడా గుర్తుంది. కానీ అవతలివైపు నుంచి అది ఎలా కనిపించి ఉంటుందో పది నెలల్లో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

“అప్పట్నించీ నేను వద్దనలేదు,” అంది బొంగరం. రెండో బూటు దగ్గరికి లాక్కుంది. “ఇంకోటి. నువ్వు చూస్తుంటావు.”

“ఏం చూస్తాను?”

“నా మొహం. అస్తమానం. లిఫ్టు బాగుచేశాక మా మేస్త్రి నా పక్కన నిలబడి మీట నొక్కి చూస్తాడు చూడు, అలా. పాసా, ఫెయిలా అని. నాకు ఒళ్ళు బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతే ఒక్కోసారి నొప్పి. బాగుంది అంటే నువ్వు చూడ్డం ఆపుతావు. అందుకని తొందరగా అనేస్తాను.”

 డాక్టరమ్మ కాఫీ కప్పు కిటికీ గట్టుమీద పెట్టింది.

“అయితే ఎప్పుడూ అబద్ధమేనా?”

“కాదే! సగం సార్లు నిజమే. ఏ సగమో నీకు తెలీదు, నేను చెప్పలేదు. అదే నన్ను తినేస్తోంది.” బొంగరం చివరి ముడి గట్టిగా బిగించి లేచి నిలబడింది. బూట్లతో ఆమె కాస్త పొడుగైంది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో లేవు. “బూట్లు వేసుకుని ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను. లేకపోతే ఈ జన్మలో చెప్పేదాన్ని కాదు.”

వీధి చివర వ్యాను హారను కొట్టింది.

“సాయంత్రం మాట్లాడదాం,” అంటూ మెట్లు దిగింది. సగం దిగి, తల పైకెత్తింది. “తలనొప్పి తెచ్చుకోకు.”

ఆ రోజు డాక్టరమ్మ చేతిలో అద్దాలు రెండుసార్లు జారిపడ్డాయి. ఒకాయనకి కుడికన్ను పరీక్ష చేసి, మళ్ళీ కుడికన్నే పరీక్ష చేసింది. “డాక్టరమ్మా, నాకు రెండోది కూడా ఉంది,” అని ఆయన గుర్తు చేశాడు. నవ్వాలి కాబట్టి నవ్వింది. నవ్వుతున్నంతసేపూ లోపల ఒకటే మాట తిరుగుతోంది, ఒళ్ళు బిగుసుకుపోతుంది, ఒక్కోసారి నొప్పి. తను ప్రాణంలా చూసుకుంటున్నాననుకున్న మనిషి, తన చేతికింద, చెప్పకుండా ఓర్చుకుంది. ఎన్నిసార్లు? లెక్క తెలియకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. మధ్యాహ్నానికి ఆమెకి నిజంగానే తలనొప్పి వచ్చింది. కణతలు పగిలిపోయే తలనొప్పి. ఒక మాత్ర మింగి, ఇది ఇవాళే రావాలా అని దాన్నే తిట్టుకుంది.

ఇంకో ఆలోచన కూడా వస్తూ ఉంది, తరిమినా పోకుండా. సాయంత్రం మాట్లాడదాం అంది. ఏం మాట్లాడుతుంది? చెప్పాల్సింది చెప్పేసింది కదా. ఇంక మిగిలింది సంచి సర్దుకోవడమేనేమో. అలమరలో బొంగరం బట్టలు ఉండే అర కళ్ళముందు ఖాళీగా కనిపించింది.

నాలుగింటికి రఫూ ఆవిడ కొత్త అద్దాల కోసం వచ్చింది. ఈసారీ ఒక్కతే వచ్చింది. పెట్టుకుని, సంచిలోంచి సొంత సూది, సొంత దారం తీసి, అక్కడే నిలబడి ఒక్క దెబ్బకి దారం ఎక్కించింది. మొహం విప్పారింది. “ఇవీ అద్దాలంటే,” అంది. ఆ వెంటనే, “అయితే ఈ ముక్కు దగ్గర ఒత్తుకుంటోంది. కుడి చెవి వెనక వదులు. ఆ పెట్టె కూడా మార్చండి బాబూ, దాని మూత సరిగ్గా పడదు, మొన్ననే చెబుదామనుకున్నాను,” అంది.

యజమాని డాక్టరమ్మ వైపు చూసిన చూపులో, ఇదంతా నీ పుణ్యమే అన్నట్టుంది. ఆమె ఫ్రేము వేడిచేసి, వంచి, సరిచేసి ఇచ్చింది. ఆవిడ మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి, “ఇంకొంచెం,” అంది. ఇంకొంచెం వంచింది.

ఇంటికొచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. బూట్లు గుమ్మం పక్కన ఉన్నాయి. డాక్టరమ్మ ముందు అలమర వైపే చూసింది. బొంగరం బట్టలు ఎప్పటిలాగే కుక్కి ఉన్నాయి, ఒక చొక్కా చెయ్యి బయటికి వేలాడుతూ. ఆమె గుండె కుదుటపడింది.

బొంగరం వంటగదిలో నేలమీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. డాక్టరమ్మ కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది.

“తలనొప్పి వచ్చింది,” అంది. “ఇది నిజం తలనొప్పి. మాత్ర వేసుకున్నాను. నీమీద కాదు.”

బొంగరం ఫక్కున నవ్వింది.  చెక్కు పొడుగ్గా, తెగకుండా, పళ్ళెంలోకి జారుతోంది.

“ఆ రెండు రోజులూ నువ్వు వెళ్ళిపోతావనుకున్నాను,” అంది డాక్టరమ్మ. “అందుకని మాట రాలేదు. నిన్ను శిక్షించాలని కాదు. కానీ శిక్షే అయింది. క్షమించవే.”

“ఊఁ.”

“వద్దంటే వద్దనే వింటాను. మొహం కూడా చూడను.”

“మొత్తానికి చూడొద్దనలేదు. పరీక్షలా చూడొద్దన్నాను,” అని బొంగరం కత్తి పళ్ళెంలో పెట్టి, తడిచేతులు మోకాళ్ళకి తుడుచుకుంది. “సరే, నా సంగతి చెప్పాను. మరి నీ సంగతి?”

“నా సంగతేంటి?”

“నీకేం ఇష్టం?”

“నీకు బాగుంటే నాకు...”

“అది నా సంగతి. నేనడిగింది నీది.”

  రోజుకి ముప్పైమందిని ఇదా, అదా అని అడిగే మనిషి, ఆ ప్రశ్న తన వైపుకి తిరిగేసరికి చీకట్లో తడుముకున్నట్టయింది.

“నేను చెయ్యి చాపిన ప్రతిసారీ పక్కకి తీసేస్తావు,” అంది బొంగరం. “‘నాకొద్దులే, నువ్వు అలిసిపోయావు’ అంటావు. పది నెలలుగా అదే మాట. ఎందుకనుకున్నానో తెలుసా? ఇదిగో,” అని రెండు అరచేతులూ చాపింది. వేళ్ళ మొదట్లో కాయలు కాసి గట్టిపడి ఉన్నాయి. గీతల్లో ఎంత తోమినా పోని గ్రీజు సన్నగా నల్లగా ఉంది. “గరుకు చేతులు, చెప్పడానికి నీకు మొహమాటం అనుకున్నాను. డ్యూటీలో రెండు జతల గ్లౌజులు వేసుకుంటున్నాను ఈ మధ్య. మరలు చేతికి సరిగ్గా చిక్కక మేస్త్రి చేత తిట్లు తింటున్నాను.”

“పిచ్చిదానా, చేతులు కాదు!” డాక్టరమ్మకి ఏడుపొచ్చింది. “ఒట్టు, చేతులు కాదు.”

“మరి?”

తలుపు తీసినట్టుగా కాదు, ఇరుక్కున్న మేకు పీకినట్టుగా వచ్చాయి మాటలు. “అడిగేది నేనైతే నాకో పనుంటుంది. నన్ను నువ్వు చూస్తే, ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఏదైనా కావాలని అడిగితే నువ్వు కాదంటావేమో. అడక్కపోతే ఆ బాధ లేదు కదా.” ఆగింది. “నాకేం ఇష్టమో నాకే తెలీదే. నిజం.”

బొంగరం ఆమెని చూస్తూ ఉండిపోయింది. “ఇన్నాళ్ళూ ఇద్దరం కలిసి నా ఒక్కదాని సంగతే చూశామన్నమాట,” అంది. “అది కూడా తప్పుగా.”

ఈసారి డాక్టరమ్మే నవ్వింది, ముక్కు తుడుచుకుంటూ.

“తెలీకపోతే తెలుసుకుందాం,” అని బొంగరం మోకాళ్ళమీద ముందుకి జరిగింది. ఆ కళ్ళలో మూడు రోజులుగా లేని వెలుగు. చెయ్యి చాపి, డాక్టరమ్మ మెడమీద పడిన జుట్టు పాయని చెవి వెనక్కి తోసింది. “ఇప్పుడే తెలుసుకుందామా?”

‘సరే’ అన్న మాట డాక్టరమ్మ నాలుక చివరికి వచ్చేసింది. ఎంత చురుగ్గా వచ్చిందంటే, ప్రశ్న ఇంకా పూర్తి కాలేదు. ఆమె తలలో నరాలు కొట్టుకుంటున్నాయి. పొద్దుట్నించీ పడిన భయానికి ఒళ్ళు అలిసిపోయి ఉంది. ఇంత మాట్లాడుకున్నాక కాదంటే ఏం బావుంటుంది? పాపం, అంత ఆశగా అడిగింది. ఆ వెలుగు ఆరిపోతే? ‘సరే’ అంటే ఇద్దరికీ హాయి.

ఆ మాటని ఆమె మింగేసింది. 

“ఇవాళ వద్దు,” అంది.

తన కోసం ఆమె ఆ మాట అనడం పది నెలల్లో అదే మొదటిసారి. అనేసి ఊపిరి బిగబట్టింది.

బొంగరం చెయ్యి వెనక్కి తీసుకుంది. మొహం వాడిపోయింది. దాచాలని పెదవులు సాగదీసింది గానీ అది నవ్వు కాలేదు. తల వంచుకుని, చెక్కు తీసేసిన దుంపనే మళ్ళీ చేతిలోకి తీసుకుని తిప్పింది.

“మొహం మాడ్చుకున్నాను కదా?” అంది కాసేపటికి.

“కొంచెం.”

“ఉండు. ఒక్క నిమిషం ఆగు. సర్దుకుంటాను. వెళ్ళిపోనులే, ఇక్కడే ఉంటాను.”

“సరే.”

డాక్టరమ్మ ఆ మొహం వైపు చూడలేదు. చూడాలని ప్రాణం లాగుతూనే ఉంది. కత్తి తీసుకుని, మిగిలిన దుంప ఒకటి పట్టుకుని, చెక్కు తియ్యడం మొదలుపెట్టింది. ఆమెకి ఆ పని సరిగ్గా రాదు. చెక్కుతో పాటు సగం దుంప పోతోంది. కింద ఇంటావిడ ఎవరినో పిలుస్తున్న గొంతు వినిపించింది. వీధిలో ఏదో బండి గేరు మార్చుకుని వెళ్ళిపోయింది. ఒక్క నిమిషం దాటింది. ఇంకొకటి కూడా దాటింది. పళ్ళెం అవతల బొంగరం ఒక పెద్ద ఊపిరి తీసి వదిలింది.

“అయిపోయింది,” అంది. “ఆ కత్తి ఇలా ఇయ్యి తల్లీ, దుంపలన్నీ పాడుచేస్తున్నావు.”